గోరింకలు నోళ్లు తెరుస్తున్నాయి

జనవరి 6, సాయంత్రం

క్వార్టరు ముందు కానుగచెట్టు మీద గోరింకలు మూగబోయాయి. వందకు తక్కువ లేవు. నోళ్లు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, అంతే. ఇదేం విడ్డూరమని నా బిడ్డ ధరణిని అడిగాను. గింత లొల్లి పెడుతుంటే మూగయంటవేంది బాపూ అని నవ్వింది. జోకేశానని సర్దుకున్నాను.

జనవరి 9

నేను మైనింగ్ సర్దార్‌ని. బొగ్గు గనిలో తొమ్మిది మంది నా మాట మీద పనిచేస్తారు. కర్రతో పైకప్పు తట్టి, శబ్దం విని, పని చెయ్యొచ్చో లేదో చెప్పేది నేనే. గట్టి బండ ఖంగుమంటుంది. వదులైంది డొల్లగా పలుకుతుంది. ఇవాళ ఎక్కడ తట్టినా డొల్లే! మూడు చోట్ల పని ఆపించాను. నా పైవాడు ఓవర్‌మన్ వచ్చి తానూ తట్టి, మంచిగనే ఉన్నది గదా సదానందం, ఫికరెక్కువైంది నీకు అన్నాడు. ఒళ్లు మండింది. ఇరవైతొమ్మిదేళ్ల సర్వీసు నాది.

జనవరి 10

బండ కాదు. నా చెవులే.

దవాఖానలో తెలిస్తే అన్‌ఫిట్ రాస్తారు. సర్దార్‌గిరీ పోతుంది. రిటైర్‌మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలు. ఎవరికీ చెప్పను.

జనవరి 17

ధరణి బీఎస్సీ జువాలజీ. గుంపులో పిట్టలు ఊరికే అరవవట. మేసేటప్పుడు చిన్నగా కూస్తూనే ఉంటాయట, నేనిక్కడున్నా, నువ్వెక్కడ అని. గద్ద కనబడితే వేరే కూత. ఒక్కటి కూస్తే చాలు, అన్నీ లేస్తాయట. వినబడని దాని సంగతేమిటని అడగబోయి ఊరుకున్నాను.

పైకప్పు కింద దన్నుకు ప్రాపులు నిలబెట్టే మా కొమురెల్లి ఈమధ్య మాటిమాటికీ నా బూట్ల మీద టోపీ లైటు కొడుతున్నాడు. ఏం ఆటలురా అని ఇవాళ బాగా తిట్టాను.

జనవరి 23, మధ్యాహ్నం

పదకొండింటికి పైకప్పు కూలింది. ముందుగా ప్రాపులు చిటచిటలాడాయట. అందరూ విన్నారు, పరుగెత్తారు. నేను రిపోర్టు రాసుకుంటూ నిలబడ్డాను. కొమురెల్లి వెనక్కొచ్చి కాలరు పట్టి ఈడ్చాడు. నేను నిలబడ్డ చోట ఇప్పుడు మంచమంత బండ ఉంది.

పైకొచ్చాక వాడు నోరు విప్పాడు. దసరా నుంచే అందరికీ తెలుసట! ఎవరికేం వినబడినా నా బూట్ల మీద లైటు కొట్టాలని మాట్లాడుకున్నారట. నీ చెవులం మేమున్నం గదనే అన్నా, ఎవ్వలకు చెప్పకు, రిటైరయ్యేదాక గిట్లనే నడిపిద్దం అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అదే రోజు, ఆరింటికి

గద్ద వచ్చింది. కానుగచెట్టు ఒక్కసారిగా ఖాళీ అయింది. ఒక్క గోరింకా వెనక్కి తిరగలేదు.

కొమురెల్లి తిరిగాడు. ఇద్దరు పిల్లల తండ్రి. రేపు కూడా తిరుగుతాడు, మూర్ఖుడు.

జనవరి 24

నాకు వినబడటం లేదు అని మేనేజరుకు రాసిచ్చాను. ఈ మూడు మాటలకు రెండు కాగితాలు చింపాను.

ఫిబ్రవరి 2

ఇప్పుడు గని పైనే, టోపీ లైట్లిచ్చే ల్యాంపు రూములో డ్యూటీ. సాయంత్రం కొమురెల్లి క్వార్టరుకు వచ్చాడు. చెట్టు కింద నిలబడ్డాం. ఏమంటున్నయిరా అని అడిగాను. నా చెవిలో నోరు పెట్టి గోరింకలా అరిచాడు. క్వార్టర్ల లైనంతా బయటికొచ్చి చూసింది. సిగ్గులేదారా గాడిదా అని తిట్టాను.

మళ్లీ అరవమన్నాను.