అచ్చులో ఉంచిన పోగులు

జిల్లా కరీంనగర్, 1953

తాసీల్దారు గారికి, మీ తాలూకా నేతగాడు చేసుకునే మనవి.

నూలు రాక మా మగ్గం దసరా నుండి ఆగింది. మగ్గానికి ఒక్క మనిషి లెక్కన సర్కారు ఇచ్చే జొన్నలతో నేను, నా భార్య, బిడ్డ ముగ్గురం గంజి తాగాము. మొన్న మీ గిర్దావరు వచ్చి, "ఇగో, మగ్గం మీద పోగులున్నయ్! పని లేదని సర్కారుకే టోపీ పెడ్తవా?" అని ఆ జొన్నలూ ఆపారు. ఆయన చూసినవి గుడ్డ కోశాక మగ్గం అచ్చు పళ్ల సందుల్లో మిగిలిన పాత పడుగు కొసలు. కొత్త పడుగు అతకడానికి నేతగాళ్లందరం అలాగే ఉంచుకుంటాము. చెబితే వినలేదు.

మగ్గం ఖాళీ అని మీకు కనబడాలని ఆ కొసలు కోయబోతే, "కొయ్యకయ్యా, రేపు నూలొస్తె ఎట్ల?" అని నా భార్య చెయ్యి పట్టుకుంది. ఆకలికి బిడ్డ లేవలేకుండా ఉంది. కోసేశాను.

మనిషిని పంపి చూసుకోండి. కండెలు చుట్టే నా భార్యకూ పని పోయింది కనుక ముగ్గురికీ సరిపడా ఇప్పించండి. అతకడానికి కొసలు లేవు, ప్రతి పోగూ అచ్చులో మళ్లీ ఎక్కించాలి కనుక ఇప్పుడు నూలు ఇచ్చినా వెంటనే నేయలేను. జొన్నలే కావాలి.