కోపమొస్తే కూర్చోవాలట

జడ్జిగారికి,

సలాం. శిక్ష వేసే ముందు ఏ జడ్జి అయినా ముద్దాయిని ఒక మాట అడుగుతాడు. నువ్వు అదీ అడగలేదు. మన బుడంకాయను చంకనేసుకుని మీ అన్న ఇంటికి వెళ్లిపోయావు. నేనేం చేశాను? కంచం విసిరాను. గోడకేసి విసిరాను, నీకేసి కాదు. పిల్ల మంచం కింద దూరిందంటే పిల్లలన్నాక దూరుతారు.

నా తప్పు లేదని చెప్పించుకుందామనే ఇమాం సాబ్ దగ్గరికి వెళ్లాను. "నేను కాదండీ, సైతాన్ చేయించాడు" అన్నాను. ఆయన ముసిముసిగా నవ్వి, "సైతాన్ గుసగుసలాడతాడు నాయనా, అంతే. కంచం ఎత్తింది ఎవరి చెయ్యి?" అన్నారు. నా మొహం మాడిపోయింది.

మనిషి లోపల నఫ్స్ అని ఒకటుందట. ఒకప్పుడు అది యజమానిలా హుకుం జారీ చేస్తుంది. తప్పు జరిగాక అదే ఎదురు తిరిగి మనల్ని నిలదీస్తుంది. కుదుటపడితే శాంతిస్తుంది. "నీది హుకుం దగ్గరే ఆగింది" అన్నారు. "మరి కోపం మింగేయమంటారా? ఫుట్‌పాత్ మీద కొన్న మనస్తత్వ శాస్త్రం పుస్తకంలో మింగితే జబ్బని రాశారు" అని ఎదురడిగాను. "అన్యాయం చూసి కోపం రాకపోతే అదీ జబ్బే. పగ్గం నీ చేతిలో ఉందా లేదా, అది చూసుకో. కోపమొస్తే నోరు మూసుకో. నిలబడి ఉంటే కూర్చో. అప్పటికీ తగ్గకపోతే పడుకో. ప్రవక్త నేర్పిన వైద్యం ఇది."

ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే, ముందు ఒంటిని నెమ్మదించాలి, మనసు దాని వెనకాలే వస్తుందని అదీ చెప్పింది. ఇద్దరూ కూడబలుక్కున్నట్టు! నాకు ఇంకా మండింది.

శుక్రవారం నమాజు కాగానే వస్తాను. బట్టలు సర్ది ఉంచు. తలుపు తీయకపోతే బద్దలు కొట్టయినా నా పిల్లను తెచ్చుకుంటాను.

నీ మొగుడు,
ఇంకా మండుతూనే


జడ్జిగారికి,

జవాబు రాయలేదు. సరే. ఇది విని నవ్వుకో.

మా లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు నీకు తెలుసుగా. వేళ్లు లోపలికి పోకుండా దాని ముందు ఒక కడ్డీ ఉండేది. పని వేగంగా సాగడం లేదని సూపర్‌వైజరు దాన్ని పీకించాడు. ఇవాళ దుప్పట్లు మడతపెట్టే అవ్వ చెయ్యి అందులో పడి కాలింది. బొబ్బలెక్కిన చేతిని తడిబట్టలో చుట్టుకుని ఆవిడ వణుకుతుంటే, "కళ్లు నెత్తికెక్కాయా ముసలిదానా?" అన్నాడు వాడు.

నా పిడికిలి లేచింది. నిజం చెబుతున్నాను, వాడి పళ్లు రాలేవి. ఎందుకో ఇమాం సాబ్ మొహం గుర్తొచ్చింది. దబ్బున నేల మీద కూర్చున్నాను, రోలరు ముందే. నోరు మూసుకున్నాను.

"ఏంట్రా ఇది? సమ్మెనా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. మాట్లాడితే బూతులే వస్తాయి. నా జతగాడు నన్ను చూసి తనూ కూర్చున్నాడు. మడత బల్లల దగ్గర ఆడవాళ్లు కూర్చున్నారు. తడి దుప్పట్లు గుట్టలు పడ్డాయి. "ఏం కావాలో చెప్పి చావరా!" అని వాడు అరుస్తున్నాడు. నేను నేల చూస్తున్నాను. "పోనీ, అవ్వను డాక్టరు దగ్గరికి పంపిస్తా." నేను మాట్లాడలేదు. "సరే, కడ్డీ పెట్టిస్తా, చాలా?" అప్పటికి గుండె దడ తగ్గింది. లేచాను. అందరూ లేచారు.

జతగాడు వీపు చరిచి, "నువ్వు లీడరువిరా! ఆ మౌనంతోనే చంపేశావు వాణ్ని" అన్నాడు. నేను వాడికి భయపడి కూర్చోలేదు, నా చేతికి భయపడి కూర్చున్నానని ఎవడికి చెప్పను? నీకు చెబుతున్నాను.

అయినా శుక్రవారం వస్తాను. మాటంటే మాటే.

నీ మొగుడు,
కూర్చోవడం నేర్చినవాడు


జడ్జిగారికి, సలాం.

నిన్న జరిగింది నువ్వు తలుపు లోపలి నుంచి సగమే విని ఉంటావు. మిగతా సగం నేను చెబుతాను.

మీ అన్న బయటికొచ్చి తలుపు వేసుకుని అడ్డంగా నిలబడ్డాడు. "ఏం బావా, కంచాలు అయిపోయాయా? మా ఇంట్లోవి కావాలా?" అన్నాడు. మెట్ల మీద పక్కింటివాళ్లు కిసుక్కుమన్నారు. తలుపు బద్దలు కొడతానని రాసినవాణ్ని కదా, భుజం బిగిసింది. కూర్చున్నాను. తగ్గలేదు. తగ్గకపోతే పడుకోమన్నారు. పడుకున్నాను, మీ గుమ్మం ముందు, చెప్పుల మధ్య. "అయ్యో, మనిషి పడిపోయాడు, నీళ్లు తెండి!" అని ఎవరో కేకేశారు. లోపల గడియ పడి ఉంది, మీ అన్న కంగారుగా నీళ్లకని కిందింటికి పరుగెత్తాడు.

నేల చల్లగా ఉంది. తలుపు కింద సందు నా కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంది. అవతల ఒక చిన్న కన్ను.

బుడంకాయ కూడా నేల మీదే పడుకుని ఉంది. ఆ ఎత్తు నుంచి చూస్తే నిలబడినవాళ్ల పాదాలే కనపడుతున్నాయి, గొంతులన్నీ పైనుంచి ఊడిపడుతున్నాయి. మంచం కింద నుంచి దానికి నేను ఇంతే కనపడి ఉంటాను. రెండు పాదాలు, ఒక అరుపు.

"అబ్బూ, నువ్వూ దాక్కున్నావా?" అంది గుసగుసగా. "ఊఁ" అన్నాను. "ఎవరికి భయపడి?" అంది. మీ అన్న చెంబుతో వచ్చేలోపు లేచి వచ్చేశాను.

బట్టలు సర్దొద్దు. నేను రమ్మనను. దానికెప్పుడు రావాలనిపిస్తే అప్పుడే. వచ్చే శుక్రవారం మళ్లీ వస్తాను. తలుపు తీయక్కర్లేదు, నాకా సందు చాలు.

రాత్రంతా నా నఫ్స్ నన్ను నిలదీస్తూనే ఉంది. ఒక్క క్షణం కూర్చోనివ్వలేదు. హుకుం జారీ చేసిన రోజుల కంటే ఇదే నయమట, ఇమాం సాబ్ అన్నారు. నాకైతే నయంగా లేదు.

అది మళ్లీ అడిగితే నా జవాబు చెప్పు. మీ అబ్బూ కూడా మీ అబ్బూకే భయపడ్డాడని.

బుడంకాయ అబ్బూ