తల్లి క్లాసు, పిల్ల క్లాసు

అక్కయ్యకు నమస్కారాలు.

నీకు వినపడదు కనుక ఫోను మాని ఉత్తరం రాస్తున్నాను. బేకరీలో పొయ్యి ఆర్పేశాక ఈమధ్య కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వకు. వారసత్వం దగ్గర ఇరుక్కుపోయాను. తల్లికున్నవన్నీ పిల్లకి రావాలి, రావడం లేదు. ముందు తల్లిని సరిచేయాలేమో.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: నీ మరదలికి ఈ సంగతి తెలియనివ్వకు.

*

తమ్ముడికి, దీవించాలో తిట్టాలో తేలని అక్క రాయునది.

మీకు పిల్లలే లేరు కదరా! ఆ పిల్ల ఎవరు? ఆ తల్లి ఎవతె? రొట్టెలు కాల్చుకుని బతికేవాడివి, కొంప కాల్చుకుంటావా? నా మరదలు నీకేం తక్కువ చేసింది?

కోపంతో,
అక్క

తా.క.: తల్లిని "సరిచేయడం" ఏమిటి? చెయ్యి కూడా చేసుకుంటున్నావా?

*

అక్కయ్యా, నమస్కారం. శాంతించు.

వాళ్ళు మనుషులు కారు, ప్రోగ్రాములో క్లాసులు. క్లాసంటే బిస్కెట్ల అచ్చు అనుకో. దాంతో తీసిన ఒక్కో బిస్కెట్టూ ఒక ఆబ్జెక్టు. "చుట్టం" అని తల్లి క్లాసు చేశాను. అందులో పేరు, ఫొటో, పలకరింపు ఉంటాయి. దాన్నుంచి "ఆడపడుచు" అనే పిల్ల క్లాసు పుట్టింది. అందులోంచి నిన్ను తీశాను. మొదటిసారి సరిగ్గా రాలేదు, చెరిపేసి మళ్ళీ చేశాను.

నీ తమ్ముడు

తా.క.: నీ సంగతులు కొన్ని ప్రైవేటులో పెట్టాను. బయటివాళ్ళు ముట్టుకోలేరు.

*

ఒరేయ్ తమ్ముడూ,

నన్నే చెరిపేశావా? నా ప్రైవేటు సంగతులు నీకెవరు చెప్పారు? నీ పెళ్ళామేనా? అడుగుదామని పక్కింటావిడ చేత ఫోను చేయించాను. "మాకు ఆడపడుచులెవరూ లేరండీ" అని పెట్టేసిందట! ఇంత పొగరా? వస్తున్నాను, ఉండండి.

లేని ఆడపడుచు

తా.క.: నాకిష్టమైన బిస్కెట్లు దాచు. కోపం వేరు, అవి వేరు.

*

అక్కయ్యకు,

పొగరు కాదక్కయ్యా, మర్చిపోయింది. ముందు చిల్లర ఇచ్చిన సంగతి, ఆ తర్వాత వీధి మలుపు, ఇప్పుడు మనుషులు. తగ్గేది కాదన్నాడు డాక్టరు. అందుకే ఈ ప్రోగ్రాము నేర్చుకున్నాను. ఫొటో నొక్కితే వరస చెప్పి, ఆ మనిషి మాటల్లోనే పలకరిస్తుంది. పూర్తయ్యేదాకా తనకి చెప్పకూడదనుకున్నాను. మర్చిపోతున్నానని తెలిసినప్పుడల్లా పిండి బస్తాల చాటున కూర్చుని ఏడుస్తోంది.

తమ్ముడు

తా.క.: బిస్కెట్లు దాచాను. ఎక్కడ దాచానో తను మర్చిపోయింది, నేనూ మర్చిపోయాను.

*

నా తండ్రీ,

నా నోరు పడిపోను, ఎన్ని మాటలన్నాను! టికెట్టు దొరగ్గానే వస్తాను, దెబ్బలాడటానికి కాదు. నా పలకరింపు "ఏం పిల్లా, చిక్కిపోయావు?" అని పెట్టు. లావెక్కినా నేను అదే అంటాను.

మీ అక్క

తా.క.: నా ఫొటో పాతది పెట్టు. తనకి గుర్తుపట్టడం తేలిక, నాకు చూసుకోవడం తేలిక.

*

అక్కయ్యకు నమస్కారాలు.

ప్రోగ్రాము పనిచేసింది. నీ ఫొటో నొక్కి, పలకరింపు విని పకపకా నవ్వింది. "మా వదిన నోరు పెద్దది, మనసు వెన్న" అంది. ఎంత పొంగిపోయానో!

మర్నాడు పొద్దున్నే టీ తీసుకెళ్ళాను. నన్ను చూసి కొంగు సర్దుకుంది. "ఎవరు కావాలండీ?" అంది.

చుట్టాలందర్నీ చేశాను. నన్ను మాత్రం చేసుకోలేదక్కయ్యా. నా అవసరం పడదనుకున్నాను.

అప్పటికప్పుడు "మొగుడు" అనే పిల్ల క్లాసు రాశాను. తల్లి క్లాసులోవన్నీ తప్పు లేకుండా వచ్చాయి. పలకరింపు దగ్గర చెయ్యి ఆగిపోయింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ తనని పేరు పెట్టి పిలిచింది లేదు. "ఇదిగో" అనేవాణ్ణి, అంతే. అదే నా గొంతుతో రికార్డు చేసి పెట్టాను.

నా ఫొటో నొక్కింది. "ఇదిగో" అంది కంప్యూటరు. తన మొహం వెలిగిపోయింది. "ఆఁ, వస్తున్నానండీ!" అంటూ లేచి, నన్ను దాటుకుని గుమ్మం దగ్గరికి పరుగెత్తింది.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క.: కాసేపు వీధిలోకి చూసి వెనక్కి వచ్చింది. "మా ఆయన పిలిచారు, వచ్చేస్తారు. మీరు కూర్చోండి" అంది. కూర్చున్నాను.