జలగ వద్దన్న నెత్తురు

ఇబ్రహీంపట్నం

యశోదకు, ఇక్కడ తుపాకుల మోత ఆగింది, నేను క్షేమం.

మోకాలు వాచిందని సిద్దయ్య వైద్యుడి దగ్గరికి పోతే జలగలు పట్టించాడు. నాతో వచ్చిన వీరస్వామి బీడీ కూడా ముట్టడు, అతని కాలికి పట్టిన జలగ తాగి ఉబ్బింది. నా కాలిది కొంచెం తాగి, ముడుచుకొని కింద పడింది.

"మిలిటరోళ్ల సిగరెట్లు గుంజి గుంజి నెత్తురంత ఖరాబు జేసినవ్‌ర. గీ విషం వడగట్టలేక నీ కార్జం ఏమైతదో!" అన్నాడు సిద్దయ్య.

"నెత్తురు తాగే రజాకార్లు నా జోలికి రానిది గిందుకేనా?" అన్నాను. నవ్వాను గానీ లోపల గుబులే. సిగరెట్టు మానేశాను. నెత్తురు ఎప్పటికి బాగవుతుందో చూడాలి.

మీ బాపు చుట్ట తాగుతాడు కదా, నొప్పులకు మందని చెప్పి ఒక జలగను పట్టించి, ఏమైందో రాయించు. బర్రె ఈనిందా? పిల్లలకు దీవెనలు. నేను వచ్చిననాడు వాకిట్లోనే జలగ పట్టించు. అది కడుపునిండా తాగితేనే ఇంట్లోకి రానియ్యి.

బుగ్గయ్య