సర్వర్‌లో నా పేరు

జులై 2001, మంగళవారం

అమీర్‌పేటలోని మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ నెట్‌వర్క్‌లో మిగతావాటికి కనబడక, ల్యాబ్ చూసుకునే రావు సార్ పొద్దుటి నుంచి తంటాలు పడ్డారు. నేను చూస్తానంటే నవ్వారు. "మీకెందుకండీ నస్రీన్, రిసెప్షన్‌లో ఫోన్లు చూసుకోండి."

వినలేదు. ప్రతి కంప్యూటరూ ఆన్ కాగానే తన పేరు సర్వర్‌లో నమోదు చేసుకుంటుంది. మిగతావి ఆ పేరుతోనే దాన్ని వెతుక్కుంటాయి. ఇక్కడ రెండింటికీ ఒకే పేరు ఉంది, అందుకే రెండోదాన్ని సర్వర్ చేర్చుకోలేదు. దానికి 'నస్రీన్' అని పెట్టాను. అన్నింటికీ కనిపించింది.

"ఆ పేరు తీసేయండి," అన్నారు రావు సార్.

"తియ్యను సార్. మీతోని కానిది నేను చేసిన. గట్లనే ఉంటది."

ఉద్యోగం పోతుందేమో. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది, అమ్మీకి ఇంకా చెప్పలేదు. అయినా సరే, రేపు నేరుగా ల్యాబ్‌లోకే వెళ్తాను.