ఉన్ని చెప్పుల ఫ్యాక్టరీ తాళాలు

హోర్నా లూకా, స్లొవేకియా
జనవరి 16, 1996, మంగళవారం

మార్లిస్ గారికి,
ఆర్లెన్ నమస్కరించి రాసేది.

ఈ ఉదయం పది ఇరవైకి ఇక్కడి ఉన్ని చెప్పుల ఫ్యాక్టరీ డైరెక్టరు హ్రుబీ గారు రాజీనామా చేసి, తాళాల గుత్తి మన విద్యార్థిని డాగ్నీ లిండ్‌క్విస్ట్ చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు. కారణం మాకెవరికీ తెలియదు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేనూ, మన బిజినెస్ విద్యార్థులు తొమ్మిది మందీ పొద్దున్నే ఫ్యాక్టరీకి చేరాం. మీరు చెప్పినట్టే మగపిల్లలు టైలు కట్టుకున్నారు. మా మాటలు అటూ ఇటూ చెప్పడానికి ఊరి స్కూలు టీచరు జుజానా వచ్చింది. పిల్లలు ఒక్కో కార్మికురాలి దగ్గరా ఆగి, పాఠంలో నేర్పినట్టే, "మీరిక్కడ ఏం చేస్తారు? రేపట్నుంచి మీరు రాకపోతే ఆ పని ఎవరు చేస్తారు?" అని అడిగి రాసుకున్నారు. ఇద్దరు ఏడ్చారు. ఉన్ని దుమ్ము కళ్ళల్లో పడిందనుకున్నాను.

తర్వాత ఆఫీసు గదిలో డాగ్నీ డైరెక్టరు గారిని చాలా మర్యాదగా, "మీ పదవి వల్ల సంస్థకు ఉపయోగం ఏమిటండీ?" అని అడిగింది. ఆయన "ఈ ప్రశ్న పాతికేళ్ళ నుంచీ మా ఆవిడ అడుగుతోందమ్మా" అన్నారు. టోపీ పెట్టుకున్నారు.

పరిస్థితి కాస్త వేరుగా ఉంది, అంతే. కంగారు పడకండి. పోస్టాఫీసులో ఫ్యాక్స్ పనిచేస్తోంది. వెంటనే జవాబు రాయండి.

మీ సహోద్యోగి
ఆర్లెన్ స్కోగ్‌స్టాడ్

తా.క. గుత్తిలో మరుగుదొడ్డి తాళంచెవి కూడా ఉంది. ఫ్యాక్టరీలో నూట నలభై మంది ఇప్పుడు డాగ్నీని అడిగి వెళ్తున్నారు.

---

నార్త్ ఫోర్క్ కాలేజీ, మిన్నెసోటా
విదేశీ యాత్రల ఆఫీసు
జనవరి 16

ఆర్లెన్ గారికి,
మార్లిస్ ట్వైట్ నమస్కారాలు.

మొదట భయపడ్డాను గానీ, మీరు "అంతే" అన్నారు కాబట్టి కుదుటపడ్డాను. తాళాలివ్వడం అతిథి మర్యాదండీ. మా ఊళ్ళో నర్సు గ్లాడిస్ రిటైరైనప్పుడు మేయరు ఊరి తాళంచెవి ఇచ్చాడు. ఆవిడేమన్నా వెనక్కిచ్చిందా? గోడకి తగిలించుకుంది. తాళాలు తిరిగిస్తే వాళ్ళని అవమానించినట్టవుతుంది. "మీరిచ్చినదాన్ని సంతోషంగా స్వీకరిస్తున్నాం" అని నాలుగు ముక్కలు రాసి, మన కాలేజీ కాఫీ కప్పు కూడా ఇవ్వండి.

మనమెవరమో వాళ్ళకి తెలియదేమోనన్న అనుమానం వద్దు. మీరు క్లాసులో ఇచ్చిన అసైన్‌మెంటు కాయితాన్ని నవంబరులోనే వాళ్ళ భాషలోకి మార్పించి పంపాను. మొదటి ప్రశ్నే ఎంత స్పష్టంగా ఉందో చూడండి: "ఈ సంస్థ రేపు మీ చేతికొస్తే ముందుగా ఎవరిని తీసేస్తారు?" అది క్లాసు పనని విడిగా రాయలేదు. చదివితే తెలుస్తుంది కదా.

ఎప్పటిలాగే మీ
మార్లిస్

తా.క. ఇక్కడ మైనస్ ముప్ఫై. మీ కారు స్టార్ట్ చేసి చూశాం, కాలేదు. మీరెలాగూ ఊళ్ళో లేరు కాబట్టి ఇబ్బంది లేదు.

---

హోర్నా లూకా
జనవరి 17, బుధవారం

మార్లిస్ గారికి,

మీరు చెప్పినట్టే రాసి ఇచ్చాను. ఆ కాయితాన్ని ఎవరో గేటుకి అంటించారు. దాని ముందు జనం టోపీలు తీసి నిలబడి చదువుతున్నారు. కాఫీ కప్పు పక్కనే పెట్టారు. ఎవరూ ముట్టుకోవడం లేదు.

పొద్దున కుట్టు విభాగం పెద్ద వ్లాస్తా కుబిన్‌త్సోవా నా దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి. "అయ్యా, డొంకతిరుగుడు వద్దు. ఈ ఊళ్ళో ఇది తప్ప ఇంకో పని లేదు. ఫ్యాక్టరీ మూసేస్తారా, ఉంచుతారా?" అంది.

ఆ మాట నన్నెందుకు అడుగుతోందో అర్థం కాలేదు. "నా చేతుల్లో ఏముందమ్మా, శుక్రవారం పిల్లలు చెబుతారు" అన్నాను. ఆవిడ తొమ్మిది మందినీ వరసగా చూసింది. ట్రెవర్ ముక్కు చీదుకుంటున్నాడు.

తను కుట్టిన చెప్పుల జత తెచ్చి చూపించింది. మార్లిస్ గారూ, అంత మంచి కుట్టు నేనెక్కడా చూడలేదు. మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాను. "ఫర్వాలేదు" అన్నాను. మా నాన్న జీవితంలో ఆ మాట రెండుసార్లే అన్నాడు, ఒకటి మా అమ్మ గురించి. జుజానా తర్జుమా చేయగానే కుట్టు విభాగం మొత్తం మిషన్లు ఆపేసింది.

మధ్యాహ్నం వాళ్ళు గసగసాల కేకు పెట్టారు. మన పిల్లలు పద్ధతిగా రెండుసార్లు వద్దని, మూడోసారి తీసుకున్నారు. ఆఖరి ముక్క మిగిలింది. మనవాళ్ళెవరూ ఆఖరి ముక్క తీసుకోరని మీకు తెలుసు. డాగ్నీ దాన్ని సగం కోసి సగం తీసుకుంది. తర్వాతివాడు ఆ సగంలో సగం. అలా అందరూ కోస్తూ పోయి, చివరికి కందిగింజంత ముక్క పళ్ళెంలో వదిలారు. నూట నలభై మంది ఊపిరి బిగబట్టి చూశారు. "చూశారుగా, ఉన్నదాన్ని ఎలా కోస్తారో. రేపు మన గతీ ఇదే" అని వెనక నుంచి ఎవరో అన్నారట. జుజానా చెప్పింది. దేని గతో నాకు తెలియలేదు.

ఇక్కడ కొంచెం గజిబిజిగా ఉంది. అయినా అంత చెడ్డగా ఏమీ లేదు.

మీ
ఆర్లెన్

తా.క. ట్రెవర్‌కి జలుబు చేసిందని చెప్పగానే ప్లమ్ సారాయి పట్టించారు. జలుబు అలాగే ఉంది. వాడికి ఇప్పుడు దానితో పేచీ లేదు.

---

నార్త్ ఫోర్క్
జనవరి 17

ఆర్లెన్ గారికి,

"అంత చెడ్డగా ఏమీ లేదు" అని మీరే రాశాక ఇంకేం కావాలి? మీ రెండు ఉత్తరాలూ పట్టుకుని నేరుగా మన కాలేజీ ప్రెసిడెంటు గ్రిమ్స్‌బీ గారి గదికి వెళ్ళాను. ఆయన "తాళాల గుత్తి", "రాసి ఇచ్చాను", "పిల్లలు చెబుతారు" అన్న మాటల కింద గీతలు గీశారు. "ఏ కాలేజీ అయినా విద్యార్థుల్ని ఫ్యాక్టరీ చూడటానికి పంపుతుంది. మనవాళ్ళు తీసేసుకున్నారు!" అన్నారు. రేపటి కాలేజీ పత్రికలో మొదటి పేజీలో వేయిస్తున్నారు.

నాకూ కొంచెం తికమకగానే ఉంది. మనం నిజంగా తీసుకున్నామా, లేక మర్యాదకి తీసుకున్నామా? మర్యాదకైతే ఎప్పుడు వెనక్కివ్వాలి? గ్లాడిస్‌ని అడుగుదామంటే ఫ్లోరిడాలో ఉంది.

మార్లిస్

తా.క. ప్రెసిడెంటు గారి చెప్పుల సైజు పన్నెండు. ఊరికే, సందర్భం వచ్చిందని రాశాను.

---

హోర్నా లూకా
జనవరి 18, గురువారం

మార్లిస్ గారూ,

ఇప్పుడే జుజానా చెబితే విషయం తెలిసింది. వెంటనే ప్రెసిడెంటు గారిని ఆపండి.

ఈ ఫ్యాక్టరీని ప్రభుత్వం అమ్మేస్తోంది. కొనడానికి వియన్నాలో ఒక కంపెనీ సిద్ధంగా ఉంది. మిషన్లు పట్టుకెళ్ళి, స్థలంలో గోదాము కట్టాలని వాళ్ళ ఆలోచన. వాళ్ళ మనుషులు ఈ వారమే టైలు కట్టుకుని, నోటుపుస్తకాలతో రావాలి. మంగళవారం టైలు కట్టుకుని, నోటుపుస్తకాలతో వచ్చింది మనం.

అసలువాళ్ళు ముగ్గురు ఈ మధ్యాహ్నం వచ్చారు. గేటు కాపలా ముసలాయన వాళ్ళని లోపలికి రానివ్వలేదు. "ఆలస్యంగా వచ్చారు బాబూ. అమెరికావాళ్ళు కొనేశారు. లోపల క్యాబేజీ సూపు తాగుతున్నారు, చూస్తారా?" అని గేటుకంటించిన నా కాయితం చూపించాడు. వాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు. అదే క్షణంలో డాగ్నీ తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ ఎవరికో మరుగుదొడ్డి తెరవడానికి వెళ్తోంది. ముగ్గురూ ఏదో మాట్లాడుకుని కారెక్కి వెళ్ళిపోయారు.

నాకు అర్థం కానిది ఇంకొకటి. మొన్న ఏడ్చినవాళ్ళు ఇవాళ పాటలు పాడుతున్నారు. వ్లాస్తా నన్ను చూసినప్పుడల్లా "యజమాని గారూ!" అని పిలిచి, అవతలికి తిరిగి దగ్గుతోంది.

రేపు పదింటికి పిల్లలు నివేదిక చదివే సమావేశం. మనం ఉత్త క్లాసువాళ్ళమని అక్కడ చెప్పాలి. నా మూలంగా నూట నలభై మంది లేని ఆశ పెట్టుకున్నారు. ఈసారి పరిస్థితి బాగాలేదు. ఈ మాట నేను ఇంతకు ముందెప్పుడైనా రాశానేమో చూడండి.

ఆర్లెన్

తా.క. పిల్లల నివేదిక సిద్ధమైంది. ఎవరిని తీసేయాలన్న ప్రశ్నకి తొమ్మిది మందీ "డైరెక్టరుని" అనే రాశారు. ఆయన ముందే వెళ్ళిపోయారు కాబట్టి మార్కులు ఎలా వేయాలో తెలియడం లేదు.

---

నార్త్ ఫోర్క్
జనవరి 18

ఆర్లెన్ గారికి,

"బాగాలేదు" అన్న మాట చూసి కుర్చీలో కూలబడ్డాను. పన్నెండేళ్ళలో మీ దగ్గర్నుంచి ఆ మాట రాలేదు. మీ భార్య కాన్పుకి ఆస్పత్రికి వెళ్తూ దారిలో మంచులో ఇరుక్కున్నప్పుడు కూడా మీరు "కాస్త ఆలస్యమవుతుంది" అన్నారు.

నిజం చెప్పేయండి. రేపే, అందరి ముందూ.

ప్రెసిడెంటు గారిని ఆపలేకపోయాను. మీ ఫ్యాక్స్ వచ్చేసరికి ఆయన విమానాశ్రయానికి వెళ్ళిపోయారు. శనివారానికి అక్కడుంటారు. ప్రారంభోత్సవమట.

దిగులుతో
మార్లిస్

తా.క. కత్తెర ఇక్కడి నుంచే తీసుకెళ్ళారు. విమానంవాళ్ళు లాక్కుంటారనే నా ఆశ.

---

హోర్నా లూకా
జనవరి 19, శుక్రవారం

మార్లిస్ గారికి,

నిజం చెప్పేశాం. నేను లేవబోతే డాగ్నీ ఆపింది. "సార్, తాళాలు తీసుకున్నది నేను" అని తనే లేచింది. "మేం విద్యార్థులం. మా దగ్గర డబ్బు లేదు. మేమేదీ కొనలేదు. మమ్మల్ని క్షమించండి" అని గుత్తి బల్ల మీద పెట్టింది.

తర్వాత వ్లాస్తా లేచింది.

"కూర్చో తల్లీ. మాకు బుధవారం సాయంత్రమే తెలుసు" అంది.

ఎలా తెలిసిందని అడిగాను.

"కేకు తిన్నాక మీ పిల్లలు క్యాంటీన్లో కూర్చుని రాసుకుంటున్నారు. ఆ జలుబు అబ్బాయి పక్కవాడి కాయితంలోకి చూసి రాస్తున్నాడు. నా బల్ల దగ్గరి నుంచి అంతా కనబడింది. ఫ్యాక్టరీలు కొనేవాళ్ళు కాపీ కొట్టరయ్యా."

తెలిశాక వాళ్ళు ఆ రాత్రే కూడి ఒక మాట అనుకున్నారట. వియన్నావాళ్ళ గడువు గురువారం సాయంత్రంతో అయిపోతుంది. వాళ్ళు అప్పటికి సంతకం పెట్టకపోతే ఫ్యాక్టరీ తీసుకునే హక్కు కార్మికుల సహకార సంఘానికి వస్తుంది. అంటే వియన్నావాళ్ళని వెనక్కి పంపడానికి ఒక్క రోజు యజమానుల్లా ఎవరైనా కనబడితే చాలు. మేం ఎలాగూ ఉన్నాం, టైలతో సహా. జుజానాకి తెలుసు. కాపలా ముసలాయనకి తెలుసు. తెలియనిది నాకూ, వియన్నావాళ్ళకీ, హ్రుబీ గారికీ.

ఇవాళ తొమ్మిదింటికి సహకార సంఘం కాయితాల మీద సంతకం పెట్టేసింది. ఫ్యాక్టరీ వాళ్ళదే.

"మరి నాతో ముందే చెప్పొచ్చుగా?" అన్నాను.

"మీ మొహంలో అబద్ధం నిలబడదు. తికమక బాగా నిలబడుతుంది" అంది వ్లాస్తా. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను.

గ్రిమ్స్‌బీ గారు వస్తున్నారని చెబితే సంఘం ఐదు నిమిషాలు చర్చించింది. "పాపం అంత దూరం నుంచి వస్తున్నాడు, ఏదో ఒకటి కోయించి పంపుదాం" అని తీర్మానించారు.

మీ
ఆర్లెన్

తా.క. శనివారం రెండున్నరకి ప్రెసిడెంటు గారు గేటు దగ్గర రిబ్బను కోస్తారు. బ్యాండు మాట్లాడారు. సోమవారం ఎనిమిదింటికి కొత్త డైరెక్టరు ఎన్నిక. వ్లాస్తా మీద హ్రుబీ గారు పోటీకి దిగారు, వాళ్ళావిడ ఓటు మాత్రం వ్లాస్తాకేనట. మా విమానం ఆదివారం మధ్యాహ్నం, తొమ్మిది గంటల ప్రయాణం. ప్రెసిడెంటు గారి పక్క సీటు నాది. అసలు తను ఏం కోశారో ఆయనకి అప్పుడు చెబుతాను.