అరిచే డైరీ వద్దు మావయ్యా

గురజాల,
ఏప్రిల్ 1989

మావయ్యా,

నువ్వు సింగపూర్ నుంచి తెచ్చిన ఎలక్ట్రానిక్ డైరీ ఇక నాకొద్దు, కోప్పడకు. పురుగుమందుల కొట్టువాళ్లు ఇచ్చిన కాగితం డైరీయే నాకు బాగుంది. దాన్ని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు. అది అరవదు కూడా.

నాన్నకి తెలీకుండా ఎంసెట్‌కి అప్లై చేశాను కదా! పరీక్ష తేదీ నీ మిషన్లో ఎక్కించి, నెల ముందే మోగేలా అలారం పెట్టాను. నిన్న నాన్న దాన్ని జేబులో వేసుకుని అరుగు మీద పార్టీవాళ్ల మధ్య కూర్చున్నప్పుడు అది కీచుమంటూ మోగింది.

"ఏందన్నా, జేబులో కోడిపిల్లని పెంచుతున్నావా?" అని పిచ్చయ్య బాబాయ్ నవ్వాడు.

నాన్న నన్ను పిలిచి, "ఏమే, ఇంగ్లీషులో ఏందో పడింది, చదువు" అన్నాడు. "వచ్చేనెల పదో తేదీ గుంటూరులో మావయ్య పుట్టినరోజు, నాన్నా" అన్నాను.

"అయితే పోయిరా. నువ్వక్కడికి పోయి చానా రోజులైంది" అన్నాడు.

కాబట్టి నువ్వు ఆ పదో తేదీనే పుట్టాలి. నన్ను పంపమని నాన్నకి ఒక కార్డు రాయి. ఈ ఉత్తరం మాత్రం చదివి చింపెయ్. పరీక్ష నేను బాగా రాస్తాను, ఆ భయం లేదు.

నువ్వు పుట్టింది శ్రావణంలో అని అమ్మకి తెలుసు. అయినా ఆ రోజుకి నీకు అరిసెలు చేసి పంపుతానంది.

నీ మేనకోడలు